నూలు ఎవరి చేతిలో వున్నది?

ఫ్యాషన్ అనే మాట ఒక విమర్శ వ్యాసం మొదట్లో కనపడగానే మన పాఠకులలో కొందరు ముఖం చిట్లించుకోవచ్చు. తిండికి లేని జనం ఇంతమంది వుండగా కలవారి కట్టుబొట్ల గొడవ మనకెందుకని అడగవచ్చు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నవాణ్ణి. రెండేళ్ళ కిందట నా విద్యార్థులు కొందరు బలవంతాన నన్ను హైదరాబాదులో ఒక వస్త్ర ప్రదర్శనకు తీసుకుపోయారు. పెద్ద కంపెనీల దుకాణాలు కావవి. ఎవరి పేరుతో వారు, ఇద్దరు ముగ్గురు దర్జీలను పెట్టుకుని, బట్ట నేయించి కుట్టించి అమ్ముకునే పడుచువాళ్ళవి. వాళ్ళను స్వతంత్ర డిజైనర్లంటారు. ప్రతి బట్టకూ ఒక దళసరి కాగితం చీటీ వేలాడుతున్నది. చేతితో నేసినదనీ, చెట్ల రంగులు అద్దినదనీ, దీనివల్ల నేలకూ నీళ్ళకూ కీడు జరగలేదనీ, పనివాడి కూలి ఎవరూ కాజేయలేదనీ ఆ చీటీల సారాంశం. ఒక నీలం కుర్తా చీటీ మీద గోదావరి ఒడ్డున పాత ఆదిలాబాదు జిల్లాలోని ఒక ఊరి పేరు వుంది. ఆ ఊళ్ళో మా పెద్దనాయన కొడుకు మగ్గం నేస్తాడు. కుర్తా వెల మూడువేల ఎనిమిదివందలు. ఊరి పేరు వుంది, కుట్టించిన అమ్మాయి పేరు వుంది. నేసినవాడి పేరు లేదు.

ఆ చీటీలో రాసింది అబద్ధమని నేననను. ఆ అమ్మాయితో మాట్లాడాను, నిజాయితీ గల మనిషి. నాకు తోచిన ప్రశ్న వేరు. బట్ట ఎట్లా తయారైందో చీటీ చెపుతున్నది. అందులోని నూలు ఎవరి చేతిమీదుగా వచ్చిందో చెప్పటం లేదు. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల నేత చరిత్ర చూచినవాడికి ఈ రెండో సంగతే ముఖ్యమనిపిస్తుంది. (2016లో ఈ రెండు జిల్లాలనూ అనేక ముక్కలు చేశారు. చెన్నూరు ఇప్పుడు మంచిర్యాల జిల్లాలోది, సిరిసిల్ల తానే ఒక జిల్లా కేంద్రం. చరిత్ర చెప్పుకునేటప్పుడు పాత హద్దులే నాకు అనుకూలం.)

మన సభలలో చేనేత మాట వచ్చినప్పుడల్లా ఒక వాక్యం వినపడుతుంది. నేతగాళ్ళ ఎముకలను గురించిన ఆ వాక్యాన్ని మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో గవర్నర్ జనరల్ మాటగా వుదహరించాడు. బెంటింకు నివేదికలలో ఆ మాట ఎక్కడా దొరకలేదని తరువాతి చరిత్రకారులు చెప్పారు. అంతమాత్రాన ఆ దుర్దశ జరగలేదనటానికి వీలులేదు. కాని ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నేతగాళ్ళందరూ నశించిపోయారని ఉపన్యాసాలివ్వటం మనకు అలవాటైంది. నేనే పాతికేళ్ళు తరగతిలో అట్లా చెప్పాను, సాయంత్రం ఇంటికి పోయి మా నాయన మగ్గం చప్పుడు వింటూ! మగ్గం చావలేదు. బతకటానికి అది ఏ వెల చెల్లించిందన్నది అసలు చరిత్ర.

పత్తి దగ్గర మొదలుపెట్టాలి. ఆదిలాబాదుకు ఉత్తరాన పెన్‌గంగ దాటితే బేరారు. 1853లో నిజాము ఆ బేరారును ఈస్టిండియా కంపెనీ పాలనకు అప్పజెప్పవలసి వచ్చింది. పైకి చెప్పిన కారణం సైన్యపు ఖర్చుల బాకీ. అయితే ఆ నల్లరేగడి పత్తి మీద లాంకషైరు కన్ను అప్పటికే వున్నది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోగానే ఆ కన్ను ఇంకా పెద్దదైంది. మన నేలలో తరతరాలుగా పండింది పొట్టి పోగు దేశవాళీ పత్తి. వానమీద పండుతుంది, పురుగును కొంత తట్టుకుంటుంది, చేతి రాట్నానికి లొంగుతుంది. లాంకషైరు యంత్రాలకు అమెరికా జాతి పొడుగు పోగు కావాలి. యంత్రాన్ని పత్తికి తగినట్టు మార్చవచ్చునని ఎవరికీ తోచలేదు. పత్తినే యంత్రానికి తగినట్టు మార్చటానికి నూరేళ్ళకు పైగా పాటుపడ్డారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చేనాటికి ఆ పని పూర్తయిందనే చెప్పాలి. ఈనాడు ఆదిలాబాదు మార్కెట్టుకు వచ్చే పత్తి దాదాపు అంతా ఆ సంకరజాతిదే. రైతు ఏటేటా విత్తనం కొనుక్కోవాలి, మందు కొనుక్కోవాలి, వాన దైవాధీనం. పత్తి రైతుల ఆత్మహత్యల కథ ఇక్కడ విస్తరించను, అది మనవారు చాలామంది రాశారు.

1866లో లండనులో ఒక గ్రంథం వెలువడింది. ఫోర్బ్స్ వాట్సన్ అనే వైద్యుడు ఇండియా ఆఫీసులో మనదేశపు సరుకుల మీద నివేదికలు రాసే ఉద్యోగి. ఈ దేశంలో నేసిన బట్టల నుంచి 700 ముక్కలు కత్తిరించి 18 సంపుటాలలో అతికించాడు. పంచెలు, చీరలు, తలగుడ్డలు, ఒక్కొక్కదాని పొడవు, వెడల్పు, బరువు, వెల. ఇటువంటివి ఇరవై జతలు తయారుచేసి పదమూడు బ్రిటన్‌లోనే వుంచి, ఏడు మాత్రం భారతదేశానికి పంపారు. ఉద్దేశం ఆయన దాచుకోలేదు. మనవాళ్ళు ఏమి కడతారో తెలుసుకోవటానికి ఇంగ్లీషు మిల్లుదారు సముద్రం దాటనక్కరలేకుండా చేయటమే ఆ పుస్తకం పని. ఆ ముక్కలు నేసినవారిలో ఒక్కరి పేరూ అందులో లేదు. హైదరాబాదులో ఆ నీలం కుర్తా చీటీ చదువుతున్నప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది ఈ పుస్తకం. ఆ అమ్మాయిని ఫోర్బ్స్ వాట్సన్‌తో పోల్చటం అన్యాయం, నాకు తెలుసు. ఆమె నకలు తీసి మిల్లుకు ఇవ్వటంలేదు, మగ్గానికి పని ఇస్తున్నది. అయినా పేరు లేకపోవటం అనే ఆచారం ఎంత పాతదో చూడండి.

డిజైను పోయింది సరే. అంతకన్న పెద్ద దెబ్బ నూలులో తగిలింది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మిల్లు నూలు, మొదట ఇంగ్లాండుది, తరువాత బొంబాయిది, మన సంతలకు చేరింది. అది సమంగా వుంటుంది, తెగదు, చవక. సాలెవాడు దాన్ని సంతోషంగానే అందుకున్నాడు. మగ్గం మీద బట్ట తొందరగా దిగింది. రాట్నం తిప్పే ఆడవాళ్ళ చేతిలోని కాణీ పరకా మాత్రం పోయింది. వాళ్ళ నష్టాన్ని లెక్కవేసినవాడు లేడు. నూలు ఊళ్ళో పుట్టినంతకాలం నేతగాడు నూలుకోసం షావుకారు గడప ఎక్కనక్కరలేదు. నూలు బయటినుంచి వచ్చిననాడు అది తెచ్చేవాడు కావాలి, అప్పు ఇచ్చేవాడు కావాలి. నూలు అప్పిచ్చినవాడే బట్ట కొంటాడు, కొనేవాడే వెల కడతాడు. మా నాయన పొత్తిళ్ళలో వున్ననాటికే మా ఇంట్లో ఈ ఏర్పాటు స్థిరపడిపోయింది. పడుగుకు నూలు తూచి ఇచ్చి, బట్ట తూచి తీసుకునేవాడు షావుకారు. గంజి బరువు ఎంత, నూలు బరువు ఎంత అని ప్రతిసారీ పేచీ.

ఇక్కడ మా పద్మశాలీల చరిత్ర చెప్పి వూరుకుంటే సగం చెప్పినట్టే. చెన్నూరు, బెల్లంపల్లి, ఆసిఫాబాదు, మంథని ప్రాంతాలలో నేతకాని అనే కులం వుంది. పేరులోనే నేత వుంది. షెడ్యూల్డు కులాల జాబితాలో 'మాల సాలె' అనే పేరు కూడా వుంది. సాలె అంటే నేతగాడే. పల్లెలలో ఆడవాళ్ళు వడికిన ముతక నూలును బీదసాదలకు, కూలినాలి జనానికి బట్టగా నేసి ఇచ్చింది ఈ కులాలవారు. రాట్నం ఆగిపోగానే ముందు కూలిపోయింది వీళ్ళ మగ్గమే. మిల్లు నూలు కొనటానికి అప్పిచ్చే షావుకారు అంటరానివాడి గడపకు రాడు గదా! 1920ల చివర బెల్లంపల్లి వైపు బొగ్గు గనులు తెరిచాక వీళ్ళలో ఎందరో సింగరేణి కార్మికులయ్యారు, తక్కినవారు వ్యవసాయ కూలీలు. ఈనాడు నేతకానివారిలో నాడె పట్టినవారిని చూడటం కష్టం. చేనేత వైభవాన్ని కీర్తించే వ్యాసాలలో, ప్రదర్శనశాలల చీటీలలో ఈ పేరు నాకెక్కడా కనపడలేదు. మా కులసంఘం సభలలోనూ కనపడలేదు, ఆ మాటా చెప్పాలి.

స్వాతంత్ర్యానంతరం నూలు సమస్యకు సహకార సంఘాన్ని మందుగా చెప్పారు. ఆదిలాబాదు జిల్లా వాంకిడిలో 1915లో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ వంటివారు ఊరూరా తిరిగి సంఘాలు పెట్టించారు. మంచి ప్రయత్నం. షావుకారు చేతిలోని నూలు కొంతకాలం సంఘం చేతికి వచ్చింది. పోగా పోగా సంఘాలలో షావుకార్లే అధ్యక్షులైన ఊళ్ళూ వున్నాయి. 1985లో రెండు పనులు జరిగాయి. చేనేతకు 22 రకాల బట్టలు ప్రత్యేకిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అదే ఏడు వచ్చిన జౌళి విధానం ఉపాధికన్న ఉత్పాదకత ముఖ్యమన్నది. 1996లో ఆ 22 కాస్తా 11 అయ్యాయి. మిల్లులు అమ్మే నూలులో సగం చిలపలుగా చేనేతకు ఇవ్వాలనే నిబంధన 2003లో నూటికి 40కి, 2019లో 30కి దిగింది. నూలు ఎగుమతులు పెరిగి చిలప ధర మండిపోయిన 1991లో చీరాల ప్రాంతంలో నేతగాళ్ళు ఆకలితో చనిపోయారు. మగ్గాలు వున్నాయి, పనివాళ్ళు వున్నారు, కట్టేవాళ్ళు వున్నారు. లేనిది నూలు.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే చెన్నూరులో ఒక పని మొదలైంది. చెట్ల రంగుల విద్య అప్పటికి మా వైపు దాదాపు అడుగంటింది. 1856లో పెర్కిన్ ఊదారంగు, 1869 నాటికి కృత్రిమ మంజిష్ఠ, 1897లో జర్మనీ కంపెనీ నీలిమందు, ఒకదాని వెంట ఒకటి వచ్చి మన అద్దకందారును రంగు పొట్లం కొనుక్కునేవాణ్ణి చేశాయి. ఉజ్రమ్మ, రంగుల నిపుణురాలు జగదా రాజప్ప మొదలైనవారు చెన్నూరు నేతగాళ్ళతో, అద్దకందార్లతో కలిసి ఆ విద్యను మళ్ళీ కూడదీయటానికి పూనుకున్నారు. ఆ కృషిలో నుంచే దస్తకార్ ఆంధ్ర సంస్థ ఎదిగింది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వల్ల సర్కారు పెత్తనం లేని సంఘాలు పెట్టుకోవటం కూడా సాధ్యమైంది.

ఆ రోజులలో వేసవి సెలవులకు మా అన్న ఇంటికి పోయినప్పుడు నీలి తొట్టి మొదటిసారి చూశాను. నీలిమందు నీళ్ళలో కరగదు. సున్నం వేసి, తగిరిస గింజలు (మా వైపు తంటెం అంటారు) ఉడకబెట్టిన చారు పోసి, రోజుల తరబడి పులియబెట్టాలి. వాసనకు నిలవలేము. పులిసిందో లేదో మా అన్న వాసన పట్టి, వేలితో నాలుకకు రాసుకుని చెప్పేవాడు. చిలప ముంచి తీస్తే నీలం వుండదు. పసుపు కలిసిన ఆకుపచ్చ. పిండి దులిపి గాలికి ఆరవేస్తుంటే కళ్ళముందే నీలమవుతుంది. పదిసార్లు ముంచితే పది నీలాలు. పటిక పట్టించిన నూలుకు చండ్ర చెక్కతో గోధుమరంగు. పాత ఇనుపముక్కలు బెల్లం నీళ్ళలో వూరవేసి కరక్కాయ కషాయంతో కలిపితే నలుపు. ఆదిలాబాదు అడవిలో కరక్కాయకు, చండ్రకు కొదవలేదు. నేను రసాయనశాస్త్రం చదవలేదుగాని, చదివినవాణ్ణి తీసుకుపోయి చూపితే అతడు మా అన్నతో గంటసేపు మాట్లాడాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా సంభాషణ ఆగలేదు!

రంగు తిరిగి చేతికి వచ్చింది. ఆ రంగు అద్దే నూలో? అది మిల్లు చిలపే. చెన్నూరు చుట్టూ చేలనిండా పత్తి. ఆ పత్తిని జిన్నింగు మిల్లులో గింజ తీసి, రాయిలాగా బిగించి బేళ్ళు కట్టి, వందల మైళ్ళ దూరాన నూలుమిల్లుకు పంపుతారు. అక్కడ ఆ బిగిసిన దూదిని మళ్ళీ విడదీయటానికి పెద్ద యంత్రాలు కావాలి. ఆ యంత్రాలకు కోట్ల పెట్టుబడి కావాలి. కోట్లు పెట్టినవాడు తన లాభానికి తగిన నూలే వడుకుతాడు. కొన్ని నెలల తరువాత అదే పత్తి చిలప రూపంలో వెనక్కి వస్తుంది, మూడు చేతుల లాభం మోసుకుని.

ఈ సంగతి మొదట పట్టుకున్నది చెన్నూరు, చీరాల అనుభవాలున్న ఆ బృందమే. బేలు కట్టటమే మానేస్తే? గింజ తీసిన దూది తీసినట్టే మెత్తగా, పక్కనే చిన్న యంత్రాల మీద వడికితే? ఇంజనీరు ఎల్. కన్నన్ వంటివారి కృషితో 2005 తరువాత ఈ పద్ధతికి మల్ఖా అనే పేరు వచ్చింది. మల్‌మల్, ఖాదీ రెండూ కలిపిన మాట. పాలమూరు జిల్లా బూర్గుల వంటి చోట్ల అటువంటి చిన్న నూలు కేంద్రాలు నడిచాయి. దూది నలగలేదు గనుక బట్టకు మెత్తదనం, గాలి ఆడే గుణం మిగులుతాయి. మీనా మేనన్, ఉజ్రమ్మ కలిసి 2017లో ఈ పత్తి చరిత్రనంతా ఇంగ్లీషులో గ్రంథంగా రాశారు. ఆర్థికశాస్త్రం చెప్పే మన మిత్రులు తప్పక చదవాలి. మల్ఖా నేటికీ చిన్న ప్రయత్నమే. పెట్టుబడి చాలక, నూలు చాలక ఎన్నో ఇబ్బందులు పడింది. అయినా నా దృష్టిలో అది ఫ్యాషన్ చరిత్రకన్న ఉత్పత్తి సాధనాల చరిత్రకు చెందిన సంఘటన. యంత్రం ఎంత పెద్దదిగా వుండాలన్నది ప్రకృతి నియమం కాదనీ, అది పెట్టుబడి చేసిన ఎంపిక అనీ అది చూపింది. యంత్రాన్ని విమర్శించగానే అభివృద్ధి నిరోధకుడని ముద్రవేసే అలవాటు మనలో వుంది. ఆ అలవాటు మానుకోవలసిన చోటు ఇది.

ఇక సిరిసిల్ల. ఈ మాట లేకుండా కరీంనగర్ జిల్లాలో నైతిక వస్త్రం గురించి మాట్లాడేవాణ్ణి నేను నమ్మను. చేతిమగ్గం అన్నం పెట్టక భీవండికి, షోలాపూరుకు, సూరతుకు పోయిన మా జనం అక్కడ మరమగ్గాల మీద పనిచేసి, వాటినే కొని తెచ్చి సిరిసిల్లలో పెట్టారు. అక్కడ వాటిని సాంచాలంటారు. పైన నూలు ఇచ్చి బట్ట తీసుకునే యజమాని, నడుమ నాలుగు సాంచాలున్న ఆసామి, కింద రాత్రింబగళ్ళు నిలబడి నడిపే కార్మికుడు. మగ్గం మారింది, మా తాతనాటి ఏర్పాటు మారలేదు. 1990ల నుంచి సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలు పత్రికల కెక్కాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టి, ఏటా కోటి దాకా పాలియెస్టరు చీరల పని సిరిసిల్లకు ఇచ్చింది. మొదటి ఏడు కొంత సరుకు సూరతు నుంచే తెప్పించవలసి వచ్చిందిగాని, తరువాత కొన్నేళ్ళు కార్మికుడికి చేతినిండా పని దొరికింది. 2024లో ఆ పంపిణీ ఆగిపోయింది, సాంచాలూ ఆగాయి. పాలియెస్టరు నేలలో కలియదు, నిజమే. ఆ మాట అనేవారు సిరిసిల్ల కార్మికుడికి ఏ నూలు ఇస్తారో కూడా చెప్పాలి. 2013లో ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయాక ప్రపంచమంతటా నైతిక ఫ్యాషన్ మాట గట్టిగా వినపడింది. చనిపోయినవాళ్ళు చేనేతవాళ్ళు కారు, కుట్టు యంత్రాల మీది కూలీలు. అక్కడ పుట్టిన మాట ఇక్కడికి వచ్చేసరికి చేతిమగ్గం దగ్గరే ఆగిపోవటం వింతగా లేదూ?

మళ్ళీ ఆ ప్రదర్శనకు వస్తాను. స్వతంత్ర డిజైనర్లను మనలో కొందరు బూర్జువా వ్యసనపరులని కొట్టివేస్తారు. అది తొందరపాటు. ముందే డబ్బిచ్చి, నూలు కొనిచ్చి, నేసిన తానంతా తీసుకునేవాళ్ళు వాళ్ళలో వున్నారు. షావుకారు ఎన్నడూ ఇవ్వనంత కూలి ఇచ్చేవాళ్ళూ వున్నారు. ఇంకో రకంవాళ్ళూ వున్నారు. ఒక వానాకాలం మా అన్నకు ఒక డిజైనరు అరవై మీటర్ల నీలం బట్ట పురమాయించాడు. చలిగాలికి తొట్టి సరిగా పులియలేదు. చివరి ఇరవై మీటర్ల రంగు కొద్దిగా తేలిపోయింది. అతడు నలభై తీసుకుని ఇరవై వెనక్కి పంపాడు. అతని బట్టలకు కట్టే చీటీ నేను చూశాను. రంగులోని చిన్న తేడాలు చేతిపనికి అందమని అందులో అచ్చువేశాడు!

ప్రదర్శన నుంచి తిరిగి వచ్చి మా అన్నతో ఫోనులో మాట్లాడాను. నీలం కుర్తా సంగతి చెప్పాను. ఆ అమ్మాయికి తానే నేసిచ్చానన్నాడు. "మంచి పిల్లనే తమ్మీ, పైసలు ఆపది. గనీ ఆ ఇరవై మీటర్లు ఇంక నా పెట్టెల్నే వుంది. అమ్ముడువోని బట్ట ఎవరిదో జర ఆమెనే అడుగు" అన్నాడు.

తరువాతి ప్రదర్శనలో అడిగాను. ఆమె నన్ను తన దుకాణం వెనక్కి తీసుకుపోయి నాలుగు అట్టపెట్టెలు చూపింది. రెండేళ్ళుగా అమ్ముడుపోని కుర్తాలు. బ్యాంకు అప్పు, ప్రదర్శన అద్దె, దర్జీల జీతాలు ఒక నోటుపుస్తకంలో రాసుకుని వుంది. నెల చివర ఆమెకు మిగిలేది మా కాలేజీ గుమాస్తా జీతంకన్న తక్కువ. ఆమె పురమాయించని బట్ట, వేరొకడు వదిలేసిన బట్ట, అయినా ఆ ఇరవై మీటర్లూ వచ్చే నెల తీసుకుంటానన్నది. తీసుకున్నది కూడా. చీటీల మీద నేసినవారి పేర్లు వేయటం అప్పటినుంచి మొదలుపెట్టింది. చిలపలు తెచ్చిన బాకీ మాత్రం మా అన్న పేరుననే వున్నది.